సాక్షి లేని మాట

మే నెల, మంగళవారం రాత్రి

లా కాలేజీ తెరిచేలోపు పెట్టిన ఈ వేసవి క్లాసులో ఈరోజు సార్ నాచేత మొదటిసారి ఒక ఉత్తుత్తి కేసు వాదింపజేశారు. దుకాణం ఖాళీ చేయించాలనుకునే ఓనర్ తరఫు నాది. ఖాళీ చేయించనని ఓనర్ నోటిమాట ఇచ్చాడని కిరాయిదారు తరఫు అమ్మాయి వాదించింది. "నోటిమాట సరే, సాక్షి ఎవరు?" అని అడిగాను. ఆ అమ్మాయి కాగితాలు మడిచి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి రాగానే మా అబ్బా కుట్టుమిషను ఆపి నోటీసు చేతిలో పెట్టాడు. రెజిమెంటల్ బజార్‌లోని మా టైలర్ షాపు ఖాళీ చేయాలట. షాపు ఓనర్ పెద్ద సేఠ్ పోయాక ఆయన కొడుకు పంపాడు.

"నువ్వున్నన్ని రోజులు షాపు నీదే అని పెద్ద సేఠ్ జబాన్ ఇచ్చిండు బేటా, నోటిమాట. జబాన్ ఇచ్చినంక కాగితం అడిగితే ఆయన్ని నమ్మనట్లే గదా?"

"అప్పుడు ఇంకెవరైనా ఉన్నారా అబ్బా?"

"నేను, ఆయన. ఇంకెవరుంటరు? పరేషాన్ గాకు, నువ్వు చదువుతున్నవ్ గదా. రేపు మీ సార్‌కు జెర చెప్పు, జబాన్ ఉందని."

చెప్తానన్నాను. ఇంకేమనాలి?

అబ్బాకు దిగులు తీరింది. కాలేజీకి నల్లకోటు తనే కుడతానంటూ టేపు తీశాడు. కొలతలకు చేతులు చాపమన్నాడు. చాపి నిలబడ్డాను.