అట్టల వెనక పన్నెండు మాటలు

మస్కట్

అక్కకు నాగరాజు నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ కన్ను ఎలా ఉంది? నేనిక్కడ బాగానే ఉన్నాను. లాండ్రీలో ఇస్త్రీ పని, బయట ఎండ, లోపల ఆవిరి. జొన్నరొట్టె మీదికి మనసు పోతోంది. బాగానే ఉన్నాను, నువ్వు కంగారు పడకు.

కంగారంతా నాది. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఎమ్మిగనూరు వస్తున్న గది స్నేహితుడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నీ కంటి ఆపరేషన్ కోసం దాచిన డబ్బంతా క్రిప్టోలో పెట్టాను. తిడతావని చెప్పలేదు. ఆ డబ్బు దాచే వాలెట్ యాప్ ఉన్న ఫోను పాడైపోయింది. కొత్త ఫోనులో దాన్ని మళ్లీ తెరవాలంటే పన్నెండు ఇంగ్లీషు మాటలు వరస తప్పకుండా కావాలి. ఆ మాటలు ఎవరి చేతికి చిక్కితే డబ్బు వాళ్లదే. గదిలో పదిమందిమి ఉంటాం కదా, అందుకని పోయిన సెలవుల్లో నీ మగ్గం మీద హంసల అంచు తేల్చే చిల్లుల అట్టల వెనక, ఒకటో నంబరు నుంచి పన్నెండు దాకా, అట్టకొక మాట పెన్సిల్‌తో రాశాను. మగ్గం ఉన్నన్నాళ్లూ అట్టలుంటాయనుకున్నాను. నేతగాళ్ల ఇంట పుట్టి, చినిగిన అట్ట తీసి కొత్తది కడతారన్న సంగతే మరిచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొన్న మాటల్లో మాటగా అడిగితే నువ్వేమన్నావు? "హంసల అట్టలా? చినిగినవి తీసి కొత్తవి కట్టినా రా. పాతవి కొన్ని డబ్బాల కింద ఏసినా, కొన్ని పొయ్యిలోకి పోయినాయి. ఎందుకడుగుతాండావు?" ఊరికే అన్నాను. ఆ రోజు రెండు చొక్కాలు మాడ్చాను.

ఆన్‌లైన్‌లో ఒకడు వాలెట్ తెరిపిస్తాను, గుర్తున్న మాటలు పంపమన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. పంపలేదు.

అక్కా, ఒక్క అట్టే పోయుంటే దారుంది. ఈ మాటలన్నీ ఒకే జాబితాలోవి కాబట్టి, మిగతా పదకొండూ ఉంటే, ఆ ఒక్కచోట మాట మార్చి మార్చి చూసి పట్టుకోవచ్చు. అంతకు మించి పోతే నా చేతిలో లేదు. మగ్గం మీదివి, డబ్బాల కిందివి అన్నీ తిప్పి చూడు. ఎవరికీ చదవమని చూపకు, ఫొటో తీసి పంపకు. నంబర్ల వరసన బీరువాలో పెట్టు. వచ్చే నెల నేనే వస్తాను. ఈసారి రెండుచోట్ల రాసి పెడతాను.

బావకు నువ్వే నిదానంగా చెప్పు. పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. కోపం వచ్చినా నన్ను దీవించు.

ఎవరి కంటా పడకూడదని అక్షరాలు చాలా సన్నగా రాశాను అక్కా. వాటిని వెతకమని నీ మసక కంటినే అడుగుతున్నాను.

నీ తమ్ముడు
నాగరాజు