గడ్డ కడుపులకు పోతది

అక్కా,

ఎట్లున్నవ్ అని అడిగితే నవ్వుతావేమో. నువ్వు పోయి ఏడాది దాటింది. నీ సంవత్సరీకం తొలకరి వానల్లో అయింది, ఇప్పుడు వినాయకుడి మండపాలు లేస్తున్నాయి. ఇన్నాళ్లకు రాస్తున్నాను.

చచ్చిపోయినవాళ్లతో మాటలేమిటని పదిమంది ముందు వాదించినవాణ్ణి నేను. ఆత్మ లేదు, పైలోకం లేదు, ఉన్నదంతా ఈ మట్టే అని. ఇప్పటికీ అదే అంటాను. కానీ నాకు భయంగా ఉందక్కా. కరీంనగర్‌లో నాతో సభలకు వచ్చేవాళ్లలో ఒక్కరికీ ఈ మాట చెప్పుకోలేను. వాళ్లకు నా కోపమే తెలుసు.

భయం నీ చెల్క గురించి, ఆ మెట్టచేను గురించి.

మూడేళ్లు పత్తి పెట్టకుండా బీడుగా, పడావు ఉంచుదామని నువ్వన్ననాడు ఊరు ఎట్లా నవ్విందో గుర్తుందా? చేతగాక వదిలేశారన్నారు. కాగితాల్లోనూ అదే మాట... సాగులో లేదు. మందు మీద మందు కొట్టి మట్టిని ఇటుకలా చేస్తే అది సాగట. ఆ మట్టి తేరుకోవాలని ఆగితే సాగు కాదట! ఎవరక్కా ఈ లెక్క పెట్టింది? పంట కనబడకపోతే భూమి ఖాళీ అని తేల్చేవాళ్లకు, ఆ భూమి లోపల ఏం జరుగుతుందో చూసే ఓపిక ఎప్పుడైనా ఉందా?

దీని మీద వ్యాసం రాసి నీకు చదివి వినిపించాను. సగంలోనే కునుకు తీశావు. లేచి ఒక్కటే అన్నావు: "బాలింతను కూలికి తోల్తమా తమ్మీ? ఇరవై ఏండ్లు కన్నదిరా గిది. జర పండుకోనీ."

మొదటి ఏడు జనుము, జీలుగ చల్లి పూతకు రాగానే ఎరువుగా మట్టిలోకి దున్నించావు. రెండో ఏడు గొర్లమంద పెట్టించావు. మూడో ఏడు ఏమీ చెయ్యొద్దన్నావు. గడ్డి మొలిస్తే మొలవనీ, దాని పని అది చేసుకుంటదన్నావు. ఆ తర్వాత పెన్నేరు గడ్డ పెడతానన్నావు. పట్నంలో అశ్వగంధ అని డబ్బాల్లో అమ్ముతారే, అదే. ముందే పెడితే ఏమైతదని బావ తొందరపడితే నువ్వు ఒప్పుకోలేదు.

"పత్తి ఒంటి మీదికి పోతది. గడ్డ కడుపులకు పోతది. మట్టిల కూసోని మట్టినే తాగుతది గది. మనం పోసిన మందంత తీస్కపోయి ఏ రోగిష్టోని కడుపుల పోద్దాం?"

మూడో ఏడు మొదలవుతూనే జబ్బు చేసి నువ్వు పోయావు. ఆ చెల్కలోనే, తంగేడు పొద పక్కన నిన్ను పెట్టాం.

నీకెందుకు వచ్చిందక్కా ఆ జబ్బు? ఇరవై ఏళ్లు డ్రమ్ముల్లో చేతులు పెట్టి పురుగుమందు కలిపినందుకేనా? డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నాడు. నేనైతే వారం తిరక్కుండానే అచ్చులో చెప్పేశాను. నిజమేనా నేను రాసింది? ఏమో...

ఇక జరిగింది చెబుతాను. తిట్టకు.

సంవత్సరీకానికి ముందు రెండు వానలు పడ్డాయి. గడ్డి మోకాళ్ల దాకా లేచింది. బావ ఊళ్లో లేడు, సామాన్లు తేవడానికి చెన్నూరు పోయాడు. గట్టు అవతల చేను ఓదెలన్నది కదా... ఆయన ఎవరూ అడగకుండానే తన పంపు వీపున వేసుకుని వచ్చాడు. దారి నుంచి నీ సమాధి దాకా, దాని చుట్టూ, సగం చెల్కకు గడ్డిమందు కొట్టేశాడు.

మేం పువ్వులు పట్టుకుని వచ్చేసరికి గడ్డి అంతా పసుపుపచ్చగా ఒరిగిపోయి ఉంది. తంగేడు కూడా మాడింది. ఓదెలన్న ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"సుట్టాలొస్తరు గద తమ్మీ. సచ్చిపోయినామెను గడ్డిల పడేసిండ్రంటే ఎంత నామోషీ? మా వదినె ఉన్నప్పుడు వాకిట్ల పుల్లనన్న ఉండనిస్తుండెనా? అందుకే నేనే కొట్టిన. మందు పైసలు గిట్ల అడుగకుండ్రి, నాకు కోపమొస్తది."

ఏం మందని అడిగాను. "ఏందో... దుకాణపాయన ఇచ్చిండు. మంచిగ పనిచేస్తది" అన్నాడు. డబ్బా అప్పటికే వాగులో విసిరేశాడు.

నా బతుకంతా ఎదురుగా ఒక శత్రువును నిలబెట్టుకుని మాట్లాడాను. ఆ రోజు నా ఎదురుగా నిలబడ్డవాడు నీ పాడె మోసినవాడు. ఏమని తిట్టను? శుభ్రం అంటే ఏమీ మొలవకపోవడమే అని ఈ మనిషికి ఎవరు నేర్పారు? వాళ్లను తిడతాను, రేపు ఇంకో వ్యాసం రాస్తాను... దాంతో ఆ మట్టిలో దిగింది పైకి వస్తుందా?

బావ చెన్నూరు నుంచి వచ్చి చూశాడు. చుట్టాలు పోయాక మొదలుపెట్టాడు. "అయిపాయె బామ్మర్ది. మీ అక్కకు మాటిచ్చిన, మూడేండ్లు ఆగిన. అందరు నవ్వినా ఆగిన. ఇగ ఆగి ఏం ఫాయిదా? పత్తే పెడుత."

నేను అరిచాను. ఆయనా అరిచాడు. "నువ్వు కాయితం మీద ఎవుసం జేస్తవ్, నేను గీడ జేస్తన్న" అన్నాడు. నిజానికి ఆయన మాట అంత తప్పేమీ కాదు. మట్టి పాడైతే గడ్డ పెట్టి జనం కడుపుల్లోకి పంపలేం. పాడైందో లేదో తెలియకుండా పెట్టడం ఇంకా ఘోరం.

అప్పుడు నీ గుడ్డ గుర్తొచ్చింది.

సంఘం మీటింగ్‌లో ఎవరో చెప్పారని ఏటా ఒక పాత నూలు గుడ్డ జానెడు లోతున పాతిపెట్టి, రెండు నెలలకు తవ్వేదానివి. మట్టికి ప్రాణముంటే గుడ్డను తింటుందని. మొదటిసారి అది పాతినట్టే బయటికి వచ్చింది. "ఉతికి కట్టుకోవచ్చు తమ్మీ" అన్నావు. నవ్వుతావనుకున్నాను. నవ్వలేదు.

మళ్లీ పాతుదాం, మట్టి తింటే పెన్నేరు, తినకపోతే నీ పత్తి అన్నాను బావతో. చాలాసేపటికి ఒప్పుకున్నాడు. పెట్టెలోంచి నీ ఆకుపచ్చ నేతచీర తీశాడు. చింపడానికి చేతులు రాలేదాయనకు. నా మీదికి విసిరి బయటికి పోయాడు. నేనే రెండు ముక్కలు చింపాను. ఒకటి మందు పడని సగంలో పాతాం, ఒకటి నీ పక్కన.

ఆ రెండు నెలలు నేను సరిగా అన్నం తినలేదక్కా.

గుడ్డ చివకకపోతే మట్టి చచ్చినట్టు. అంటే ఆ విషంలో నువ్వు ఒక్కదానివే పడుకున్నట్టు. చివికితే... నీ మీద కప్పిన బట్ట కూడా చివికినట్టే కదా. నువ్వు కూడా... ఏది కోరుకోవాలి నేను? మనిషి మట్టిలో కలవడం ఎంత సహజమో ఎన్ని వేదికల మీద చెప్పానో! సొంత అక్క దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోతున్నాను.

నిన్న పొద్దున తవ్వాం.

అవతలి సగంలో ముందు తవ్వాం. చీర లేదు. అంచు మిగిలింది, నాలుగు దారపు పోగులు మిగిలాయి. వాటి మధ్య ఒక ఎర్ర, పెద్దది, మెల్లగా జరుగుతోంది. వానపామును చూసి నాకు ఏడుపొచ్చింది. నవ్వకు.

నీ పక్కన ఓదెలన్న తవ్వాడు. తనే తవ్వుతానని గడ్డపార లాక్కున్నాడు, అప్పటికే ఆయనకు గుడ్డ సంగతి తెలుసు. గుడ్డ బయటికి వచ్చింది... పాతిన ముక్క పాతినట్టే. రంగు వెలిసింది, అంతే. ఓదెలన్న గడ్డపార అవతల పడేశాడు. "వదినె మీద పోసిన్నా నేను? వదినె మీదనే పోసిన్నా?" అదే మాట, మళ్లీ మళ్లీ.

ఆ మందు వల్లేనా? ఆ పక్క తేమ తక్కువా? ఏమో. ఎవరు చెబుతారు?

బావ గుడ్డ దులిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. ఒక మూలన ఆవగింజలంత చిల్లులు కనబడ్డాయి. ఒక దాంట్లో చిటికెన వేలి గోరు పెట్టి చూశాడు. దూరింది. ఇక పత్తే అంటాడనుకున్నాను.

"మట్టి సావలే బామ్మర్ది. మత్తుల ఉన్నది" అన్నాడు. నా మొహం చూడకుండా, "మీ అక్క పక్కకే ఉన్నది గద. జర పండుకోనీ" అన్నాడు.

నీ మాటే అక్కా. నీ గొంతులాగే.

అవతలి సగంలో ఈ వారం పెన్నేరు విత్తనం చల్లుతున్నాం. నీ సగం మళ్లీ మూడేళ్లు పడావు. జనుముతో మొదలు. బావ ఆ గుడ్డను బోరు కింద ఉతికి, ఆరేసి, మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

ఓదెలన్న తన వైపు గట్టు మీద కూడా ఇక కొట్టనన్నాడు. కానీ తన పత్తికి కొడతాడు కదా, కొట్టక ఏం చేస్తాడు? గాలికి గట్టు ఎక్కడుందో తెలుసా? నీ సగం మీద పడ్డ వాన అవతలి సగంలోకి పారకుండా ఉంటుందా? రాత్రి కళ్లు మూస్తే గడ్డలు కనబడుతున్నాయి, మట్టిలో కూర్చుని తాగుతూ...

చలికాలం పోయేసరికి తవ్వుతాం. పరీక్షకు పంపిస్తాను. కాగితం మీద ఏం రాసి వచ్చినా, తొలి గడ్డ అంగడికి పోదు. ఎండబెట్టి, దంచి, అవ్వ మనకు ఇచ్చినట్టు పాలల్లో వేసుకుని ముందు నేను తాగుతాను. చాలా భయంగా ఉంది. అయినా ఇంకొకరి కడుపులోకి పోయే ముందు నా కడుపులోకి పోతుందది.

మాటిస్తున్నాను. పండుకో అక్కా.

నీ తమ్మి