మా చెల్లెల్నే అడగండి

ప్రసూతి విభాగం పెద్ద గుమాస్తా గారికి,

నమస్కారం. తమరు క్షేమమని తలుస్తాను.

నేను మీ ఆసుపత్రి వెనక వీధిలో బట్టలు కుడతాను. యాభై దాటాయి. వీధంతా పెద్దక్క అంటారు. మా ఆఖరి చెల్లెలికి తొలి కాన్పు. వచ్చే నెల, మీ దగ్గరే. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేను కనుక ఈ ఉత్తరమూ నేనే రాస్తున్నాను.

మొన్న పరీక్షకు వెళితే మీ నర్సమ్మ చెప్పిందట. తొలిచూలు అయితే నొప్పులు పెరగడానికి సెలైన్ పెడతారు, మంచం దిగనివ్వరు, చివర్లో కోత పెడతారు అని. "ఎందుకండీ?" అంది చెల్లెలు. "అందరికీ అంతే" అంది ఆవిడ. "అవసరం లేకపోయినా అంతేనా?" అంటే, "నువ్వేమైనా డాక్టరువా?" అందట.

ఇంటికొచ్చి కుట్టుమిషను పక్కన కూర్చుంది. "అక్కా, నాకు కోతంటే భయం లేదే. నా ఒంటి మీద నాకే మాట లేదా అని" అంది. అప్పటినుంచి సరిగా తినడం లేదు.

దాని కోరిక ఒక్కటే. ఏం చేసినా ముందు చెప్పాలి. దాన్ని అడగాలి. ఒప్పుకుంటే చేయాలి, వద్దంటే మానాలి. కుదురుతుందా?

ఉంటాను,
పెద్దక్క

తా.క. ముందు ఫోనే చేశాను. కాసేపు ఆగమని పాట వేశారు. ఆ పాట మాకు మొత్తం వచ్చేసింది. మనిషి మాత్రం రాలేదు.


గౌరవనీయులైన పెద్దక్క గారికి,

నమస్కారాలు. మీ లేఖ చేరింది. ముందుగా నా హృదయపూర్వక అభినందనలు!

అమ్మా, నేను ఈ కుర్చీలోనే జుట్టు నెరిసినవాణ్ణి. "మా చెల్లెలికి", "మా స్నేహితురాలికి", "మా పక్కింటావిడకి" అంటూ వచ్చిన ఉత్తరాలు ఎన్ని చూశానో లెక్క లేదు. ఆ చెల్లెలు ఎవరో నాకు అర్థమైంది. సిగ్గుపడకండి. యాభై దాటాక తొలి కాన్పు అరుదే కాని నేరం కాదు.

మీ పేర ఫైలు తెరిచాను. వయసు దృష్ట్యా దాని మీద ఎర్ర సిరాతో "జాగ్రత్త" అని రాయించాను. బరువులు ఎత్తకండి. మిషను అసలే తొక్కకండి.

ఇక మీ ప్రశ్న. ఏ చికిత్సయినా రోగి ఒప్పుకుంటేనే చేయాలని, వద్దనే హక్కు రోగికి ఉందని మా వార్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. కాబట్టి దిగులు వద్దు.

మీ శ్రేయోభిలాషి,
పెద్ద గుమాస్తా

తా.క. ఆ గోడకు అడ్డంగా బీరువా ఉండటం వల్ల అక్షరాలు బయటికి కనబడవు. ఉన్నాయన్నది మాత్రం వాస్తవం.


గుమాస్తా గారికి,

నమస్కారం. గర్భవతి నేను కాదు. మా చెల్లెలు. నాకు పెళ్లే కాలేదు.

చెల్లెలు నిజంగానే ఉంది. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని మీ ఉత్తరం చదివి నవ్వుతోంది. చాలా రోజులకు నవ్వింది. ఆ పుణ్యం మీది. మా మరిది, అంటే దాని భర్త, "వదినా, మాకు చెప్పకుండా ఎవరా అదృష్టవంతుడు?" అన్నాడు. నా చేతిలో కత్తెర ఉంది. చూసి లోపలికి వెళ్లిపోయాడు.

నా ఫైలు మూసేయండి. దాన్ని అడిగి చేస్తారా లేదా, అది చెప్పండి.

ఇట్లు,
పెద్దక్క (చెల్లెలు కాదు)

తా.క. గోడ మీది మాట చాలా మంచిది. బీరువా జరపడానికి మనిషి కావాలంటే మరిదిని పంపుతాను. ప్రస్తుతం నేనేం చెప్పినా చేస్తున్నాడు.


పూజ్యులైన పెద్దక్క గారికి,

మీ ఉత్తరం చదివి నా కళ్లు చెమర్చాయి. "నాకు పెళ్లే కాలేదు" అని ఇంత నిబ్బరంగా రాయడానికి ఎంత గుండె కావాలి! మా ఆసుపత్రి బిడ్డను చూస్తుంది గాని పెళ్లిపత్రికను చూడదు. ఎవరేమన్నా తలవంచకండి.

అయితే ఒక్క మాట కలవరపెట్టింది. ఎదురుగా ఎవరో కూర్చుని నవ్వుతున్నారని రాశారు. నీరసం వల్ల ఈ సమయంలో కొందరికి అలా కనబడుతుందని ఎక్కడో చదివాను. అందుకే ఆలస్యం చేయకుండా నర్సమ్మను మీ ఇంటికే పంపుతున్నాను. ఆవిడ ఏం చేసినా కాదనకండి. అంతా మీ మంచికే.

మీ సోదరసమానుడు,
పెద్ద గుమాస్తా

తా.క. బిడ్డ తండ్రి వివరాల దగ్గర ఖాళీ వదిలాను. తొందరేమీ లేదు.


గుమాస్తా గారికి,

నమస్కారం. కోపం మీద రాయకూడదని ముందు ప్రార్థన చేసుకున్నాను. ఒకసారికి తగ్గలేదు. మళ్లీ చేసుకుని రాస్తున్నాను.

నర్సమ్మ వచ్చేసరికి కొట్లో కొలతలిచ్చేవాళ్లు ఉన్నారు. "పడుకోమ్మా" అంది. "నేను కాదమ్మా" అన్నాను. "మొదట్లో అందరూ ఇలాగే అంటారు" అంటూ నా చేతికి బీపీ పట్టీ చుట్టేసింది. అడగలేదు. పొట్ట మీద చెయ్యి వేసింది. అదీ అడగలేదు. "ఏమీ తగలడం లేదే" అంది. "ఏమీ లేదు కనుక" అన్నాను. "మీరు మాట్లాడకండి, బీపీ పెరుగుతుంది" అంది. కొలతలిచ్చే ఆవిడ "ఎంత గుట్టు పెద్దక్కా! మాతో ఒక్క ముక్కయినా అనలేదే!" అంటూ ఒంటి మీద టేపుతోనే వీధిలోకి పరిగెత్తింది.

ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. చెల్లెలు మాత్రం నవ్వలేదు. "చూశావా అక్కా?" అంది. అంతే.

చూశాను. నాకు నొప్పులు లేవు. భయం లేదు. నా కొట్లో, నా కాళ్ల మీద నిలబడి "కాదు" అన్నాను. ఉత్తరంలోనూ రాశాను. ఒక్కరి చెవికీ ఎక్కలేదు. రేపు అది నొప్పులు పడుతూ, కొత్త మంచం మీద, మీ అందరి మధ్యా "వద్దు" అంటే ఎవరు వింటారు?

వద్దన్న ప్రతిదానికీ బిడ్డ ప్రాణం చూపించి బెదిరించకండి. నిజంగా ప్రమాదం ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. అర్థం చేసుకోలేనంత అమాయకురాలు కాదు మా చెల్లెలు.

జవాబు కోసం చూస్తూ,
పెద్దక్క

తా.క. వీధివాళ్లు చందాలు వేసుకుని నాకు ఉయ్యాల తెచ్చారు. వద్దంటే వినడం లేదు.


అమ్మా,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. అయినా రాయాలి.

మీ ఉత్తరాలన్నీ పట్టుకెళ్లి డాక్టరమ్మ గారికి చదివి వినిపించాను. మొదట నవ్వారు. ఆఖరి ఉత్తరం దగ్గర ఆగిపోయారు. "గుమాస్తా గారూ, ఈవిడ అడిగింది కష్టమైన పనేం కాదు. అడగడమే మాకు అలవాటు పోయింది" అన్నారు. ఆ సాయంత్రమే మీ చెల్లెలిని పిలిపించి మాట్లాడారు. (కళ్లారా చూశాను. ఉన్నారు.) ఆవిడ నడవవచ్చు. సెలైన్‌ అయినా కోతయినా అవసరపడితే కారణం చెబుతారు. చేస్తే ఏమిటో, మానితే ఏమిటో రెండూ చెబుతారు. ఆపైన మాట ఆవిడదే. మీరు పక్కన ఉండవచ్చు.

ఇంటికెళ్లి మా ఆవిడకు ఈ సంగతంతా చెప్పి, "నీ కాన్పులప్పుడు నిన్నెవరైనా అడిగారా?" అన్నాను. "అప్పుడు మీరు బయట బల్ల మీద పేపరు చదువుతున్నారు" అంది. నేను అడిగిందానికి అది జవాబు కాదనుకున్నాను. రాత్రంతా ఆలోచిస్తే అదే జవాబని తెలిసింది.

క్షమించమని కోరుతూ,
పెద్ద గుమాస్తా

తా.క. బీరువా జరిపించాను. వెనక అక్షరాలతో పాటు నా గొడుగు కూడా దొరికింది. అది పోయిందని పాత ఆయాతో ఇన్నేళ్లుగా మాట్లాడటం లేదు. రేపు ఆవిడకీ ఒక ఉత్తరం రాయాలి.


గుమాస్తా గారికి,

నమస్కారం. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. దేవుడికీ మీ అందరికీ కృతజ్ఞతలు.

చెల్లెలు నా భుజం పట్టుకుని మీ వరండా అంతా నడిచింది. "నొప్పులు కాస్త నెమ్మదిగా ఉన్నాయి. సెలైన్ పెట్టమంటావామ్మా?" అంది నర్సమ్మ. నా పొట్టలో వెతికిన ఆవిడే. "ఇప్పుడే వద్దండీ" అంది చెల్లెలు. "సరేనమ్మా" అని వెళ్లిపోయింది. అంత చిన్న మాటకు నాకు ఏడుపొచ్చింది.

చివర్లో డాక్టరమ్మ ముఖం మారింది. వంగి నెమ్మదిగా చెప్పారు. "బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది. మళ్లీ పుంజుకోవడం లేదు. చిన్న కోత పెడితే త్వరగా బయటికి వస్తుంది. మత్తు సూది ఇచ్చే కోస్తాను. వద్దంటే ఇలాగే ప్రయత్నిస్తాను గాని, ఆలస్యమైతే బిడ్డకు ప్రమాదం కావచ్చు. ఏం చేయమంటావు తల్లీ?"

నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. గొంతెత్తి ఎరగనిదాన్ని, అరిచాను. "కోత వద్దని ముందే చెప్పాం కదండీ! నేనుండగా జరగనివ్వను!"

వెనక నుంచి చెల్లెలి గొంతు వినిపించింది.

"అక్కా, ఆవిడ అడిగింది నన్ను."

డాక్టరమ్మ వైపు తిరిగి "కోయండి" అంది.

గదిలో అందరూ దాని మాట విన్నారు, నేను తప్ప. ఇన్నాళ్లూ "వద్దు" అన్న మాట ఒక్కదానికే కాపలా కాశాను. "సరే" అన్నా అది దాని మాటేనని తోచలేదు. పక్కకు జరిగాను. "చెయ్యి పట్టుకోనా?" అని అడిగాను. "గట్టిగా" అంది.

పిల్ల బయటికి రాగానే ఏడ్చింది. మా ఇంట్లో పుట్టిన వాళ్లందరిలోకీ పెద్ద గొంతు.

సెలవు,
పెద్దక్క

తా.క. పాపను ఎత్తుకోవచ్చా అని చెల్లెలిని అడిగాను. "పాలు తాగుతోంది, కాసేపు ఆగు" అంది. ఆగాను. ఈ ఉత్తరం ఆ ఆగిన కాసేపట్లో రాసిందే.