నాలుగో వరుసలో రాసిన కాలేజీ

నర్సీపట్నం,
అనకాపల్లి జిల్లా,
తేది: 09-09-2025.

విశ్వవిద్యాలయ ప్రవేశాల కన్వీనర్ గారి సముఖమునకు,

నర్సీపట్నం కాపురస్తులు లాలం గణేశ్వరరావు గారి కుమార్తె వరహాలక్ష్మి, వయస్సు 24 సంవత్సరాలు, రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాలుగేళ్ల వృక్షశాస్త్రం ఆనర్స్ కోర్సు – గెమ్మెలి సీతాలు, ర్యాంకు 19 – వెబ్ ఆప్షన్ల వరుసలో జరిగిన తప్పు – స్పాట్ అడ్మిషన్‌కు అనుమతి కోరుట – గురించి.

సూచిక: 1. తమ ప్రవేశ నియమావళి, 11, 14 పేజీలు.
2. నా ఫోనుకు వచ్చిన మెసేజి, తేది 14-08-2025.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మా మేనమామ ధర్మారావు గారు నడుపుతున్న జిరాక్సు, నెట్ సెంటరులో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. కౌంటరు దగ్గర మాట్లాడే పని మావయ్యది. లోపలి గదిలో కూర్చొని అప్లికేషన్లు నింపే పని నాది. కొత్తవాళ్లతో మాట్లాడటం నాకు చేతకాదు. కాన్వెంటులో చదివినందువల్ల ఇంగ్లీషు ఫారాలు మాత్రం చక్కగా నింపగలను. షాపు ముందు బోర్డు మీద “అన్ని అప్లికేషన్లు తప్పులు లేకుండా నింపబడును” అని ఉంటుంది. ఆ మాట నన్ను చూసుకొని మావయ్య రాయించారు.

2. ఈ అర్జీలో ఫిర్యాదు తమ కార్యాలయం మీద కాదు. ఏ కళాశాల మీదా కాదు. నా మీద. ఇలాంటి అర్జీకి నమూనా ఎక్కడా దొరకలేదు కనుక, ఇతరుల మీద రాసుకునే పద్ధతిలోనే నా మీద రాస్తున్నాను. లోపాలుంటే మన్నించగలరు.

3. గత ఆగస్టు 11వ తేదీన చింతపల్లి మండలం పనసలబంద గ్రామవాసి గెమ్మెలి సింగన్న గారు, కుమార్తె సీతాలును వెంటబెట్టుకొని మా సెంటరుకు వచ్చారు. సింగన్న గారు కొండపోడు చేస్తారు. అడవిలో కరక్కాయలు, చీపురుపుల్ల సేకరించి సంతకు తెస్తారు. సీతాలు ఆశ్రమ పాఠశాలలో చదివి, ప్రభుత్వ కళాశాలలో ఇంటర్ పూర్తి చేసింది. తమ ప్రవేశ పరీక్షలో ఆమె ర్యాంకు 19. అది గిరిజన కోటాలో లెక్కవేసిన ర్యాంకు కాదు. పరీక్ష రాసిన వారందరిలోనూ పందొమ్మిది.

లోపలికి రాకముందే ఆమె మెట్ల మీద డబ్బాలో పెరుగుతున్న మొక్కను చూసి ఆగిపోయింది.

“ఇది తులసనుకొని పెంచుతున్నారేటండి?” అని మావయ్యను అడిగింది.

“కాకపోతే ఏటి?”

“కుక్కతులసండి. మా కొండ మీద దారంట ఉంటాది.”

“ఓర్నాయనో! రెండేళ్లబట్టి రోజూ నీళ్లోసి దండం ఎడతన్నానే!”

“పోన్లెండి, దగ్గుకి పన్జేస్తాది.”

సింగన్న గారు “పెద్దోల్తో ఏటే ఆ మాటలు” అని కూతుర్ని కసిరారు గాని, ఆయనకే నవ్వు ఆగలేదు. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలుసు. ఆమె ఏ కోర్సుకు తగిన పిల్లో తమరికి తెలియాలని రాశాను.

4. నియమావళి 11వ పేజీలోని పట్టిక ప్రకారం, నిరుడు ఆ కోర్సులోని 36 సీట్లకు 3,888 దరఖాస్తులు వచ్చాయి. అంటే నూట ఎనిమిది మందికి ఒక సీటు. ఈ లెక్క నేనే వేసి సింగన్న గారికి చెప్పాను.

“నూటెనిమిదా? అది అంబులెన్సు నెంబరు గదమ్మా,” అన్నారాయన. “మరి మా పిల్ల ఎక్కుద్దా, ఎక్కదా?”

“ర్యాంకు మంచిదేనండి. చూద్దాం,” అన్నాను.

5. ఆ రోజు నాలుగు ఆప్షన్లు పెట్టాను. మొదటి వరుసలో మా దగ్గరి ఒక ప్రైవేటు కళాశాలలోని కంప్యూటర్ కోర్సు. అక్కడ సీట్లు నూట ఇరవై, దరఖాస్తులు తొంభై. అడిగినవారందరికీ వస్తుంది. రెండు, మూడు వరుసల్లో అంతకంటే కొంచెం కష్టమైనవి. నాలుగో వరుసలో, ఆఖరున, విశాఖపట్నంలోని తమ వృక్షశాస్త్రం కోర్సు.

కాన్వెంటులో పరీక్ష హాలుకు వెళ్లే ముందు సిస్టర్ ప్రతిసారీ ఒక మాట చెప్పేవారు: వచ్చిన ప్రశ్నలు ముందు రాయండి, కష్టమైనవి చివరికి ఉంచండి. పదకొండేళ్లు అలాగే రాశాను. ఎప్పుడూ నష్టపోలేదు. ఆప్షన్లు కూడా అలాగే రాయాలనుకున్నాను. కంప్యూటరు నాలుగు వరుసలూ చదివి, వచ్చే వాటిలో మంచిది ఇస్తుందని నమ్మాను. అది పై నుంచి చదువుతుందట. ర్యాంకుకు సీటు దొరికిన మొదటి వరుస దగ్గరే ఆగిపోతుందట. కింద ఉన్నవి ఇక చూడదట. ఇదంతా 14వ పేజీలో స్పష్టంగా ఉంది. నేను 11వ పేజీలోని పట్టికను రెండుసార్లు చదివాను. 14వ పేజీ దాకా వెళ్లలేదు.

సీతాలు స్క్రీను వైపు చూసి, “అక్కా, నాకు కావలసింది ఆఖర్ని ఎట్టినారేటి?” అని అడిగింది.

“అలాగే పెట్టాలి.”

“మా మేడమైతే ఇష్టమైంది ముందెట్టమన్నారు.”

“మీ మేడమ్ గారికి ఈ పద్ధతి తెలియకపోవచ్చు.”

ఆమె ఇంకేదో అనబోయింది. సింగన్న గారు ఆపారు. “ఒలే, అమ్మగోరు కానుమెంటులో సదివినోరు. ఆవిడికి తెల్దా, నీకు తెలుసా? ఊరుకో.”

నేను బటన్ నొక్కాను. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు కనుక నా ఫోను నంబరే ఇచ్చాను. 14వ తేదీన “ఆప్షన్లు మార్చుకొనుటకు నేడే ఆఖరు” అని మెసేజి వచ్చింది. చదివి ఫోను పక్కన పెట్టాను.

6. ఆగస్టు 22న సీట్ల కేటాయింపు వచ్చింది. సీతాలుకు మొదటి వరుసలో రాసినది ఇచ్చారు. వృక్షశాస్త్రంలో ఆఖరి సీటు 61వ ర్యాంకుకు వెళ్లింది. ప్రైవేటు కళాశాలకు హాస్టలు లేదు. పనసలబంద నుంచి రోజూ వచ్చిపోయే బస్సు లేదు. ఆ కోర్సు ఆమె అడిగిందీ కాదు. అందుచేత చేరలేదు.

25న తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు. సంచిలో సీతాఫలాలు తెచ్చారు. కౌంటరు దగ్గర మావయ్య వాళ్లతో, “వైజాగు సీటు రాలేదయ్యా సింగన్నా, ఇక్కడి కంప్యూటరు సీటే ఇచ్చినారు. పోటీ అలగుంది. ఏటి సేస్తాం,” అన్నారు. మావయ్య అబద్ధమాడలేదు. నేను చెప్పలేదు కనుక ఆయనకు అంతే తెలుసు.

సింగన్న గారు, “పోన్లెండి బాబూ. మీరు సెయ్యాల్సింది మీరు సేసినారు,” అన్నారు. సంచి బల్ల మీద పెట్టారు.

సీతాలు లోపలి గది గుమ్మం దాకా వచ్చింది. “ఎన్ని మార్కుల్లో పోనాదక్కా?”

“తెలీదు,” అన్నాను.

తెలుసు. ఒక్క మార్కు కూడా పోలేదని ఆ క్షణంలో నా ముందున్న స్క్రీను మీద ఉంది. ఆమె నిలబడిన చోటికి అది కనిపించదు.

“మాకవరపాలెం దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో పన్లోకి రమ్మంటన్నారు. దసరా ఎల్లినాక ఎల్తాను,” అని చెప్పి వెళ్లిపోయింది.

7. ఇంతవరకు చదివినవారికి ఇది తెలియక జరిగిన పొరపాటు అనిపిస్తుంది. అలా అనిపించేటట్లే రాశాను. చిత్తుప్రతి మూడుసార్లు ఇక్కడే ఆపేశాను. నాలుగోసారి ఆపకుండా రాస్తున్నాను.

ఆగస్టు 9న, అంటే సీతాలు రావడానికి రెండు రోజుల ముందు, మా కాన్వెంటులోనే చదివిన వీరేంద్ర అనే అబ్బాయికి కూడా నేనే ఆప్షన్లు పెట్టాను. అతని ర్యాంకు 240. వాళ్ల నాన్నగారు కుర్చీ లాక్కొని కూర్చొని, “మా వాడికి కావలసింది ఫస్ట్ పెట్టమ్మా,” అన్నారు. పెట్టాను. ఎదురు చెప్పలేదు. సిస్టర్ మాట ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

నూట ఎనిమిది మందిలో ఒకరు అని చదివినప్పుడు, ఆ ఒకరు ఎలా ఉంటారో నా మనసులో ఒక రూపం ఏర్పడింది. ఆ రూపం సీతాలుది కాదు. సీతాలు ర్యాంకు కార్డు నా చేతిలోనే ఉంది. అయినా నేను ఆమె రబ్బరు చెప్పులు చూశాను. కుట్టు ఊడితే పిన్నీసు పెట్టుకున్న సంచి చూశాను. ఈ పిల్లకు అంతటి చోట ఎక్కడ వస్తుంది, పోనీ దగ్గరలో ఏదో ఒకటి ఖాయం చేస్తే మేలు అనుకున్నాను. అది జాలి అనుకున్నాను. తమ కార్యాలయం 3,888 మందిని ర్యాంకు చూసి వడపోస్తుంది. అంతకు ముందే నేను ఒక్కదాన్నే ఇక్కడ లోపలి గదిలో కూర్చొని, ఏమీ చూడకుండా ఆమెను తీసేశాను. తమరు ఎంపిక చేసిన పిల్ల ఆమె. నేను కానివ్వలేదు.

8. తమ ప్రకటన ప్రకారం వృక్షశాస్త్రంలో చేరిన ఇద్దరు విద్యార్థులు మెడిసిన్ సీటు వచ్చి వెళ్లిపోయారు. ఆ రెండు సీట్లకు ఈ నెల 18న స్పాట్ అడ్మిషన్ జరుగుతుంది. అయితే ఒకసారి సీటు కేటాయించినా చేరని వారు అనర్హులని ఏడో నిబంధన. ఆ నిబంధన సీటు వద్దనుకున్న వారి కోసమని నా మనవి. సీతాలు వద్దనుకోలేదు. ఆమె కోరినదేదో నాలుగో వరుసలో తమ రికార్డులోనే ఉంది. ఆ వరుస క్రమం మాత్రం ఆమెది కాదు, నాది. ఓటీపీ ఏ నంబరుకు వచ్చిందో చూస్తే రుజువవుతుంది.

కావున తమరు దయతో,

(అ) గెమ్మెలి సీతాలును 18వ తేదీ స్పాట్ అడ్మిషన్‌కు అనుమతించవలసినదిగాను,

(ఆ) అది వీలుకాని పక్షంలో, వృక్షశాస్త్రం సీటుకు ఆమె ర్యాంకు సరిపోయినదని, సీటు పోవడం ఫారం నింపిన వారి తప్పువల్లనే గాని ఆమె లోపంవల్ల కాదని, తమ కార్యాలయ ముద్రతో ఒక ఉత్తరం పనసలబంద చిరునామాకు పంపవలసినదిగాను ప్రార్థన. తాను సరిపోలేదనే ఆమె ఇప్పటికీ అనుకుంటోంది.

నా మీద ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం లేదు. ఆప్షన్లు నింపే పని నేటి నుంచి మానేశాను. మావయ్య కారణం అడిగారు. ఈ అర్జీ చదవమని ఇచ్చాను. చదివి, బయటికి వెళ్లి, బోర్డు దించి గోడకు ఆనించారు.

ఇందలి ప్రతి అక్షరం నిజమని, ఆలస్యం నాదే గాని అవసరం ఆమెదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లాలం వరహాలక్ష్మి

జతపరచినవి: 1. సీతాలు ర్యాంకు కార్డు నకలు. 2. ఆప్షన్ల ప్రింటు. 3. 14వ తేదీ మెసేజి ఫొటో.

తా.క.: కవరు అంటించి మళ్లీ చించాను. (ఆ) కోరికను రద్దు చేయగలరు. ఆ ఉత్తరం తమరు రాస్తే నేను చెప్పనక్కరలేదని ఆ కోరిక పెట్టానని ఇప్పుడు తెలిసింది. పోస్టులో కాగితం అందుకొని ఆమె అక్కడ ఒక్కతే చదువుకుంటుంది, నేను ఇక్కడ తలుపు వేసుకొని కూర్చుంటాను. అలా కుదరదు.

రేపు ఉదయం చింతపల్లి బస్సుకు వెళ్తున్నాను. దిగాక రెండు గంటల నడక ఉంటుందట. “నువ్వు షాపులోనే ఎవులితోనూ మాటాడవు, ఆడికెల్లి ఏటి మాటాడతావే?” అని మావయ్య అడిగారు. నాకూ తెలియదు. ముందు ఆమెతో చెప్తాను, తరువాత సింగన్న గారితో. వాళ్లు ఏమన్నా నిలబడి వింటాను. 18వ తేదీ గురించి కూడా చెప్తాను. ఒప్పుకుంటే ఆ రోజు విశాఖపట్నానికి తోడు వస్తానని, నా తోడు వద్దంటే ఏ బస్సు ఎక్కాలో రాసిస్తానని చెప్తాను.

(అ) కోరికను మాత్రం, అయ్యా, దయచేసి అలాగే ఉంచండి.