లేసు గౌను చెయ్యి

రత్తమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చేతి దగ్గర చిరిగిన లేసుని నువ్వు రెండు నెలలు కూర్చుని అల్లి అతికిన పాత ఫ్రెంచి గౌను ఇవాళ ఫిల్మ్ నగర్‌లో షూటింగుకి వచ్చింది. విలన్ లాగితే దాని చెయ్యి చిరగాలన్నారు. లేసు దక్కాలని భుజం కుట్టు విప్పి, లాగితే ఊడేలా వదులు కుట్లు వేశాను. మొదటిసారి చెయ్యి చక్కగా ఊడివచ్చింది. లేసు చెక్కుచెదరలేదు.

"ఇంకోసారి చేద్దాం. పెద్దాయనా, ఒంటిమీదే కుట్టెయ్, వెలుతురు పోతోంది," అన్నాడు డైరెక్టరు.

ఒంటిమీద కుడితే అరిష్టమని, అది తగలకుండా హీరోయిన్ నోట్లో దారప్పోగు పెట్టించాను. "మింగెయ్యనా తాతా?" అని నవ్విందామె. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ కంగారులో నా చేతులు నలభై ఏళ్ల టైలరు అలవాటు కొద్దీ గట్టి కుట్టు వేసేశాయి. కెమెరా తిరిగాక గానీ అది నాకు తెలియలేదు.

విలన్ లాగాడు. కుట్టు ఊడలేదు, లేసు చిరిగింది.

"అదీ, చిరగడమంటే అలా ఉండాలి," అన్నాడు డైరెక్టరు.

గౌను ఇంటికి తెచ్చి చూశాను. ఫ్రాన్సువాళ్ల అల్లికంతా చిరుగుతూ వచ్చి, నువ్వు అతికిన చోట ఆగిపోయింది.