తల్లి ఎలుగుబంటి గొంతు

సియోల్

హ్వాంగ్‌బో టీచర్ గారికి,

పేరు రాయడం లేదు. తల్లి ఎలుగుబంటిని అంటే మీకు తెలుస్తుంది. మన ఇంగ్లీషు క్లాసులో అందరం గొంతులిచ్చిన బొమ్మల సినిమాను ఇంటర్నెట్లో పెడతానన్నారు కదా. దయచేసి పెట్టకండి. పెట్టక తప్పదంటే నా గొంతు తీసేయండి.

"ముఖం కనపడదుగా, భయమెందుకండీ?" అన్నారు మీరు. సినిమాలో తప్పిపోయిన ఎలుగు పిల్లను నేను పిలిచినప్పుడు మన క్లాసు బోక్‌సున్ అక్క, "ఏమే, నీ ఎలుగుబంటి కూడా మనలాగే నది దాటొచ్చినట్టుందే!" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాటలు ఇంగ్లీషువే, కానీ నేను పిలిచింది ఉత్తర కొరియాలో మా ఇంట్లో పిలిచినట్టే.

నేను నదిలో మునిగి చచ్చిపోయానని అక్కడ మావాళ్లు అధికారులకు రాసిచ్చారు. అందుకే వాళ్ల జోలికి ఎవరూ రాలేదు. ఇక్కడి బొమ్మల సినిమాలు మెమరీ కార్డుల్లో దొంగచాటుగా అక్కడికీ చేరతాయి. తలుపులేసుకుని, దుప్పటి కప్పుకుని మేమూ చూసేవాళ్లం.

అక్కడే ఉన్న నా కూతురికి ఇప్పుడు ఏడేళ్లు. నా పిలుపు వింటే "అమ్మా!" అని గట్టిగా పలుకుతుంది టీచర్ గారూ. పక్కింటికి వినపడుతుంది.