కంబళిలో పురుగు

పత్తికొండ, మంగళవారం

తమ్ముడు గోపన్నకు అక్క దీవెనలు. ఇంట్లో ఫోన్ నీ కూతురు శివజ్యోతి దగ్గరే ఉంటుంది కాబట్టి కార్డు రాస్తున్నా.

నీ అల్లుడు వీరభద్ర పోయి ఎనిమిది నెలలైనా వాడి కంబళిని శివజ్యోతి ఎండకు వేయనివ్వలేదు. "ఎండకేస్తే నీ కొడుకు వాసన పోతాదత్తా" అంటుంది. మడతల్లోంచి గోధుమరంగు నూగు రాలుతుంటే ఉన్ని అనుకుని ఏరి, గుడ్డలో మూటకట్టి తలకింద పెట్టుకుని పడుకుంటోంది. నిన్న పిల్ల నీళ్లకు పోయినప్పుడు విప్పి చూశా. ఉన్ని కాదు, బొచ్చున్న చిన్న పురుగులు విడిచిన పొట్టు. కొన్ని పురుగులు ఇంకా కదులుతున్నాయి. కంబళి మధ్యలో చెయ్యి దూరేంత బొక్క పడింది. చెట్టు మీద పాకేదాన్ని కంబళిపురుగు అంటాం, నిజంగా కంబళిని తినేదానికి మనకు పేరే లేదు. మూట మళ్లీ కట్టి అక్కడే పెట్టా.

పెట్టెలో పెళ్లి పట్టుచీర దాకా పాకాయి, ఇక కంబళిని కాల్చక తప్పదు. పై వారం గురువారం వచ్చి పిల్లను పది రోజులు పిలుచుకుపో. మరదలికి ఒళ్లు బాగలేదని అబద్ధం చెప్పు. ఉన్ని కాలే వాసన ఆ పిల్ల ఉండగా ఇంట్లో పుట్టకూడదు.

ఎనుము ఈనిందా? వచ్చేటప్పుడు ఎండు వేపాకు సంచెడు తీసుకురా. మరదలిని, పిల్లలను అడిగానని చెప్పు.

వాడిని మట్టిలో పెట్టిన రోజు ఆడవాళ్లు రాకూడదని నువ్వే నన్ను గడప దగ్గర పట్టి ఆపావు. ఈ కంబళికి మాత్రం నిప్పు నేనే పెడతా.

మీ అక్క
వెంకటేశ్వరమ్మ